గోడవైపు తిప్పిన కుర్చీ

విమానం తలుపు మూసిన క్షణం నుంచే మా వదినకు జీతం లెక్క మొదలవుతుంది. అంతకు ముందు ముప్పావుగంట సేపు ఆమె ప్రయాణికులను ఎక్కిస్తుంది, బరువైన సంచులను పైఅరల్లోకి తోస్తుంది, కిటికీ సీటు కోసం పోట్లాడుకునేవాళ్లకు సర్దిచెబుతుంది. ఆ పనికి పైసా రాదు. పందొమ్మిదేళ్లుగా ఇంతే.

ఆ ముప్పావుగంట కోసమే యూనియన్ కంపెనీతో మాట్లాడుతోంది. యూనియన్ తరఫున ఇద్దరు కూర్చుంటారు. ఒకరు వదిన. రెండో ఆమె మూడేళ్ల కిందట చేరిన అమ్మాయి, గలగలా మాట్లాడుతుందని అందరూ పిచ్చుక అంటారు.

పదకొండో సమావేశంలో కంపెనీ అధికారి ఒక కాగితం చదివాడు. ఉద్యోగంలో పదేళ్లు దాటినవాళ్లకు ఆ ముప్పావుగంటకు సగం జీతం ఇస్తారట. మిగతావాళ్లకు ఏమీ లేదు. చదవడం అయ్యాక తలెత్తి చూశాడు. వదిన నవ్వుతోంది.

"అది నా నవ్వు కాదు," అని తర్వాత నాతో అంది. చేరిన కొత్తలో ఆరు వారాలు అద్దం ముందు నిలబెట్టి నేర్పారట. ఎవరు కసిరినా, ఎవరు మీద వాంతి చేసుకున్నా మొహం అలాగే ఉండాలి. ఎదుటివాడు ఎంత కాదంటే అది అంత గట్టిగా వస్తుందట.

"మేడమ్‌గారికి నచ్చినట్టుంది," అన్నాడు అధికారి.

"ఆలోచించుకోవాలండీ," అంది వదిన, నవ్వుతూనే.

సాయంత్రానికల్లా ఉద్యోగులందరి ఫోన్లకూ కంపెనీ సందేశం వచ్చింది. ఈ సగం జీతాన్ని యూనియన్ ప్రతినిధి చిరునవ్వుతో స్వాగతించారట.

మర్నాడు సిబ్బంది గదిలో వదినకు ఎవరూ జరిగి చోటివ్వలేదు. పిచ్చుక జుట్టు ముడి వేసుకుంటూ అద్దంలోంచే మాట్లాడింది.

"మీకేం అక్కా, మీ సగం మీకొచ్చేసింది. మేం ఊరికే మూటలు మోస్తాంలే."

"నేను ఒప్పుకోలేదే!"

"ఒప్పుకోకపోతే ఆ ఇకిలింపేంటి? నేను పక్కనే ఉన్నాగా!"

వదినకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పన్ను పీకే ముందు మత్తు ఇచ్చినట్టు దవడలు మొద్దుబారి ఉన్నాయని మాత్రం చెప్పింది. ఇంట్లో మా అన్నయ్య ఊరడించబోయాడు. "పోనీలే, ఆ నవ్వు కంపెనీవాళ్లకైనా దక్కింది. నేను చూసి ఎన్నేళ్లయిందో!" దానికీ ఆమె అదే నవ్వు నవ్వింది. అన్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని పక్కగదిలోకి వెళ్లిపోయాడు.

పన్నెండో సమావేశంలో సంతకం కోసం అధికారి కాగితాన్ని ముందుకు జరిపాడు. బుగ్గలు పైకి లేస్తున్నట్టు వదినకు తెలిసింది. ఆపాలని చూసింది, ఆగలేదు. అప్పుడామె లేచి, కుర్చీని గోడవైపు తిప్పి, అందరికీ వీపు పెట్టి కూర్చుంది.

"ఏంటి మేడమ్ ఇది?"

"నా మొహం చూస్తే మీకు అవునన్నట్టు వినిపిస్తోందండీ. అందుకని. కొత్తవాళ్లకు లేనిది మాకూ వద్దు. రాసుకోండి."

"ఇటు తిరిగి చెప్పండి."

"తిరిగితే మళ్లీ నవ్వేస్తాను."

పిచ్చుక ఆ మాటను సమావేశం పుస్తకంలో పొల్లుపోకుండా రాసి, అధికారి ముందుకు తోసింది. "విన్నట్టు సంతకం పెట్టండి సార్."

పెట్టాడు. ఇస్తామన్న సగాన్నీ కంపెనీ వెనక్కి తీసుకుంది. చర్చలు ఇంకా తెగలేదు.

"భయం వెయ్యలేదా వదినా?" అని అడిగాను.

"ఏమో. గోడకి రంగు పెచ్చులూడి ఉంది. అదే చూస్తూ కూర్చున్నా."

"మరి పిచ్చుక ఏమంది?"

"వచ్చేసారికి కుర్చీ తనే ముందుగా తిప్పి ఉంచుతానంది," అని చెప్పి, తెల్లవారితే డ్యూటీ ఉందని మేజోళ్లు ఉతుక్కోవడానికి లేచింది.