చీర ముక్కలో కట్టిన పులుపు

మా అమ్మ పోయిన రోజు నేను ఏడవలేదు. తీరిక లేకపోయింది. శవం ఇంకా ఇంట్లో ఉండగానే మా మేనత్త మడకశిర నుంచి దిగింది. దిగీ దిగగానే ఇల్లంతా తన చేతిలోకి తీసుకుంది. వండిన అన్నం, కాచిన పాలు, పెరుగు, కడవల్లో నీళ్లు, అన్నీ మైలపడ్డాయి, పారబొయ్యమంది. నాకప్పుడు పదిహేడేళ్లు. చెప్పినవన్నీ చేశాను. ఆఖరున ఆమె కన్ను వంటింటి మూలనున్న జాడీ మీద పడింది.

ఆ జాడీ సంగతి చెప్పాలి. మాది హిందూపురంలో స్టేషను దారిలో బేకరీ. ముందు అంగడి, వెనక ఇల్లు. నాయన బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, నేర్చుకొచ్చిన పని. ఆ రోజుల్లో మా వైపు బ్రెడ్డంటే జ్వరం తిండి. ఎవరైనా చేతిలో బ్రెడ్డుతో పోతుంటే, ఇంట్లో ఎవరికి బాగాలేదని దారిలోవాళ్లు అడిగేవాళ్లు. పిండి పొంగడానికి బెంగళూరులో కల్లు పోసేవాళ్లట. మా జిల్లాలో కల్లు నిషేధం. దొంగకల్లు దొరక్క కాదు, మా అమ్మ దాన్ని గడప దాటనిచ్చేది కాదు. ఉర్లగడ్డలు, అవే బంగాళాదుంపలు, ఉడికిన నీళ్లు, మైదా, చిటికెడు బెల్లం కలిపి, ఎన్నాళ్లు తంటాలు పడిందో ఏమో, తనే ఒక పులుపు తయారుచేసుకుంది. రోజూ అందులో సగం తీసి బ్రెడ్డు పిండిలో కలపాలి. మిగిలిన సగానికి మళ్లీ మైదా, నీళ్లు పెట్టాలి. ఒక పూట మరిస్తే నీరసిస్తుంది, నాలుగు రోజులు మరిస్తే చస్తుంది. అందుకని తెల్లారగానే అమ్మ దాని కడుపు నింపి ఆ తర్వాతే నాకు అన్నం పెట్టేది. చిన్నప్పుడు నాకు ఆ జాడీ మీద కోపంగా ఉండేది.

"అది వంట కాదత్తా, అంగడి సామాను" అన్నాను.

"పులిసింది గదా, మైల అంటుతాది. పారబొయ్యి" అంది.

నాయన వసారాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. అంగడి నడిచేదే దానితో అని ఆయనకు తెలుసు. ఒక్క మాట అంటే ఆగేది. భార్య శవం ముందు అక్కతో వాదమెందుకనుకున్నాడో ఏమో, తల ఎత్తలేదు.

జాడీ పెరట్లోకి ఎత్తుకుపోయి కాలవలో వంచాను. సగం పోయాక చెయ్యి ఆగిపోయింది. మిగిలిందాన్ని ఒక సత్తుగిన్నెలోకి ఒంపాను. దండెం మీద అమ్మ చీర ఆరేసి ఉంది, ఆకుపచ్చ దానికి ఎర్రంచు. కొంగు చించి గిన్నె మూతికి కట్టాను. కట్టాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడే నిలబడ్డాను.

గోడ అవతల కట్టెల దొడ్లో అతను ఉన్నాడు. మా బట్టీ దగ్గర పనిచేసేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. వాళ్లది పెనుకొండ. వాళ్ల నాయన అక్కడ తెల్లదొరల ఇంట్లో వంట చేసి చేసి పోయాడు. వాళ్లు కిరస్తానీలు, మా మైల వాళ్లకు అంటదు. ఆ క్షణంలో నాకు తట్టింది అదొక్కటే. అంతకుముందు అతనితో నేను పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండను. గిన్నె గోడ మీంచి అందించి, రోజూ పిండి పెట్టమన్నాను. అతను తీసుకున్నాడు. ఎందుకని అడగలేదు.

మైల పదకొండు రోజులూ బట్టీ చల్లారిపోయింది. మధ్యాహ్నం ఇంట్లో ఆడవాళ్లు నడుం వాల్చినప్పుడు నేను గోడ దగ్గరికి పోయేదాన్ని. అతను గుడ్డ విప్పి చూపించేవాడు. పైన బుడగలు తేలి ఉండేవి.

"బతికే ఉండాది" అనేవాడు.

అదే నాకు పరామర్శ. ఇంట్లో వచ్చినవాళ్లంతా నా తల మీద చెయ్యి పెట్టి, పుణ్యస్త్రీగా పోయింది అదృష్టవంతురాలు అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. మూడో రోజో నాలుగో రోజో ఆ బుడగలు చూస్తూ మొదటిసారి ఏడ్చాను. అతను గిన్నె పట్టుకునే నిలబడ్డాడు, నా ఏడుపు అయ్యేదాకా. ప్రేమ అంటే ఏమిటని ఆ తర్వాత చాలామంది చాలా చెప్పారు గానీ, నాకు మాత్రం అది ఆ రోజు ఆ గోడ దగ్గర మొదలైంది. సిగ్గుపడేదేమీ లేదు.

అతని మేనమామ సింగపూర్లో ఒక హోటల్ బేకరీలో ఉన్నాడు. రమ్మని ఉత్తరాలు రాస్తున్నాడట. అతను ఆ ఊరిని కళ్లారా చూసినట్టే చెప్పేవాడు. రోజూ వాన పడుతుందట. నీళ్ల కోసం కడవ ఎత్తుకుని పోయే పనే లేదట. మా ఊళ్లో పుట్టినదాన్ని, నాకది అన్నిటికంటే పెద్ద అబద్ధంగా కనబడింది. పులుపును పలచగా గుడ్డ మీద రాసి ఆరబెడితే ఎన్ని నెలలైనా చావదనీ, నీళ్లు తగిలితే మళ్లీ లేస్తుందనీ అతనే చెప్పాడు. కొంచెం అలా ఆరబెట్టి సింగపూరుకు తీసుకుపోతాడు. కుదురుకున్నాక నన్ను పిలిపించుకుంటాడు. ఇద్దరం కలిసి అంగడి పెడతాం.

"నువ్వు వస్తావా?" అన్నాడు.

"వస్తా" అన్నాను. ఆలోచించనైనా లేదు.

పన్నెండో రోజున గిన్నె తెచ్చి నాయనకు ఇచ్చేస్తే సరిపోయేది. అక్కడే తప్పు చేశాను. అత్త ఇంకా మా ఇంట్లోనే ఉంది. మైల ఇంట్లోంచి దాటిన సొమ్ము మళ్లీ ఇంట్లోకి వస్తే ఆమె ఊరుకోదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అది ఎవరి చేతిలో ఉండిందో, నేను గోడ దగ్గరికి ఎన్నిసార్లు పోయానో రెండు రోజుల్లో మడకశిర దాకా తెలిసిపోతుంది. భయపడి ఊరుకున్నాను. నాయన ఏదో కలిపి ఏదో చేశాడు, పిండి లేవలేదు. స్టేషనులో పనిచేసే ఒకాయన రెండు బ్రెడ్లు కొనుక్కుపోయి, మధ్యాహ్నం తిరిగొచ్చి, పిట్టగోడ కట్టుకుంటున్నాను ఇంకో నాలుగివ్వప్పా అన్నాడు. అందరూ నవ్వారు. నాయనా నవ్వాడు గానీ ఆ రోజు అన్నం తినలేదు.

నేనే చూడలేక అతనికి చెప్పాను. ఇద్దరం ఒక కథ అల్లాం. పెనుకొండలో దొరల వంటింట్లో అడిగి కొత్త పులుపు తెచ్చానని అతను నాయనకు చెప్పాలి. చెప్పాడు. మరునాడు బ్రెడ్డు ఎప్పటిలాగే పొంగింది. నాయన ఒకటి తీసి, అడుగున వేలితో తట్టి విని, విరిచి నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. దొడ్డివైపు నడిచి, అతను పడుకునే గదిలోకి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఆకుపచ్చ గుడ్డ ఉంది. దాని మీద ఆరిన పులుపు పెచ్చులు పెచ్చులుగా అంటుకుని ఉంది.

పొద్దున బేరం వేళ. అంగడి ముందు పది మంది ఉన్నారు. అలికిడి విని మేనత్త లోపల్నుంచి వచ్చింది, ఆమె వెనకాల నేను.

"చావింట్లో దొంగతనం చేస్తివి గదరా. ఎవరిచ్చిరి నీకిది?" అన్నాడు నాయన.

అతను నా పేరు చెప్పలేదు. నావైపు చూడనైనా లేదు. నాయన నావైపు తిరిగాడు.

"పాపా, నువ్విచ్చినావా?"

గుడ్డ నాయన చేతిలోనే వేలాడుతోంది. ఎర్రంచు నాకు కనబడుతోంది. అమ్మ చీర అది, నేను కాక ఎవరు చించుతారు? కళ్లున్నవాళ్లెవరికైనా తెలుస్తుంది. అతను చెప్పవచ్చు కదా అనుకున్నాను. చెప్పకుండా అంతా నా మీదే ఎందుకు వదిలాడని, నిజం చెప్తున్నాను, ఆ నిమిషంలో నాకు అతని మీదే కోపం వచ్చింది. అత్త చూపు నా చెంప మీద ఉంది.

"లేదు నాయనా" అన్నాను.

అప్పుడు అతను నావైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. నాయన గిన్నెలో ఉన్న పులుపంతా బట్టీలో పోశాడు. గుడ్డను రోడ్డు మీద విసిరి, పో అన్నాడు. అతను మోకాళ్ల మీద కూర్చుని, దుమ్ములో పడిన పెచ్చులన్నీ ఒక్కొక్కటే ఏరి గుడ్డలో వేసుకున్నాడు. చిన్న చిన్న పొట్టు కూడా వదల్లేదు. అంగడి ముందున్నవాళ్లు వేడుక చూశారు. ఒకతను, పిచ్చుకలకు ఏమన్నా మిగిల్చు అబ్బా అన్నాడు. నేను తేలుకుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడ్డాను. అతను మూట కట్టుకుని స్టేషను వైపు పోయాడు. నెల తిరక్కుండా సింగపూరుకు పోయాడని పెనుకొండ నుంచి వచ్చినవాళ్లు చెప్పారు.

ఆ తర్వాత నాయన దొంగకల్లు తెప్పించి బ్రెడ్డు చేశాడు. అమ్మ ఫొటో అంగట్లోనే ఉండేది, దాని కిందే ఆ కల్లు కుండ. అత్త సంబంధం చూసి మరుసటి ఏడే నన్ను ధర్మవరానికి ఇప్పించింది. నా భర్త చీరల అంగట్లో పనిచేసేవాడు. పట్టుచీరలు మడతపెట్టీ పెట్టీ, ఇంట్లో మాటలు కూడా మడిచి బీరువాలో పెట్టేసేవాడు. కొట్టలేదు, తిట్టలేదు. అంతకుమించి చెప్పుకోవడానికేమీ లేదు. పుట్టింటికి పోయినప్పుడల్లా రైలు పెనుకొండలో ఆగేది. ఆగినంతసేపూ నేను కొండ కనబడని వైపు కూర్చునేదాన్ని.

పెళ్లయిన ఆరేళ్లకు నాయన మంచం పట్టాడు. ముప్ఫయ్యేళ్లు మైదా పీల్చిన ఊపిరి, నిలబడలేదు. చూసుకోవడానికి హిందూపురం వచ్చాను. ఒక రోజు అంగడి అడ్రసుకు నా పేర పార్సిలు వచ్చింది. సింగపూరు స్టాంపులు. లోపల బిస్కెట్ల డబ్బా, డబ్బాలో ఉతికి మడిచిన ఆకుపచ్చ గుడ్డ, దాని మధ్యలో ఆరిన పెచ్చులు. ఒక చీటీ.

"మీ అమ్మగారిది మీకు పంపుతున్నాను. ఏడేళ్లు దీన్ని సాకినాను. ఇంక నాకు దీనితో పని లేదు."

అంతే. పెళ్లయిందో, పిల్లలున్నారో, అంగడి పెట్టాడో, ఏమీ లేదు. నన్ను మీరు అన్నాడు. వెనక అడ్రసు లేదు. చీటీని నలిపి, మళ్లీ సాపు చేసి, మళ్లీ చదివాను. తిట్టి ఉంటే బాగుండేది.

పెచ్చులు నీళ్లలో వేసి మైదా పెట్టాను. మూడు రోజులు ఉలకలేదు, పలకలేదు. నాలుగో రోజు పొద్దున బుడగలు వచ్చాయి. ఒక్క బ్రెడ్డు చేసి, ముక్క పాలలో ముంచి నాయన నోట్లో పెట్టాను. వెనకటిలాగే చాలాసేపు నమిలాడు.

"ఇది మీయమ్మది" అన్నాడు.

"నాయనా, ఆ పొద్దు అది ఇచ్చింది నేనే. అతను దొంగ కాదు" అన్నాను. ఏడేళ్లు కడుపులో దాచుకున్న మాట.

"తెలుసు లే. ఆ చీర నేను కొనిచ్చిందే గదా" అన్నాడు.

"తెలిసి ఎందుకడిగితివి?"

ఆయన కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"నిజం నాకెందుకు పాపా? నువ్వు లేదనేది వాడు చెవులారా వినాలనే అడిగితి. వింటే ఇంక నీకోసం తిరిగి రాడు. అంతే." కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు. "ఇంకో ముక్క ఇయ్యి."

ఇచ్చాను. కన్నతండ్రి కదా, రోగి కదా అని కాదు. ఏం చెయ్యాలో తోచక ఇచ్చాను. ఆయన ఇష్టంగా తిన్నాడు.

తర్వాత నెల తిరగలేదు, నాయన పోయాడు. మేనత్త మళ్లీ మడకశిర నుంచి దిగింది. ముసలిదైపోయింది గానీ కన్ను మాత్రం అదే కన్ను. ఆడవాళ్లు తులసి నీళ్లు పట్టుకుని, నోట్లో పొయ్యడానికి నన్ను పిలిచారు. ఉండండి అని వంటింట్లోకి పోయి, ముందు జాడీకి మైదా, నీళ్లు పెట్టాను. ఆ తర్వాత పోయి నాయన నోట్లో నీళ్లు పోశాను. జాడీ పారబొయ్యమని అత్త అంది. పారబొయ్యలేదు. మైల పదకొండు రోజులూ, అందరూ చూస్తుండగానే, పొద్దున్నే దాని కడుపు నింపాను.

దినం నాటికి ఊళ్ల నుంచి వచ్చి ఉండిపోయిన చుట్టాలకు, పలకరించడానికి వచ్చిన ఇరుగుపొరుగుకు, మరునాడు పొద్దున కాఫీలోకి నేనే బ్రెడ్డు చేసి పెట్టాను. ఏడేళ్ల కిందట ఆ రోజు అంగడి ముందు నిలబడినవాళ్లు నలుగురైదుగురు వాళ్లలో ఉన్నారు. అందరూ తింటుండగా గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆ పులుపు అతనికి ఇచ్చింది నేను. నాయన అడిగితే లేదని అబద్ధం చెప్పింది కూడా నేనే. గట్టిగానే చెప్పాను, ఆఖరు వరసలో కూర్చున్నవాళ్లకు కూడా వినబడేలా.

ఎవరూ తల ఎత్తలేదు. ఒకాయన కాఫీలో చక్కెర తక్కువైందన్నాడు.

"ఇప్పుడెందుకు పాపా అవన్నీ" అంది మేనత్త. నోట్లోది మింగి, పళ్లెం నావైపు జరిపింది. "మీయమ్మ చేతి రుచే వచ్చిండాది. ఇంకో ముక్క ఇయ్యి."

కోసి ఇచ్చాను.