గుండీ పాటలో తప్పంతా అమ్మమ్మదే

లోకంలో అందరూ తప్పు చేసి పక్కవాళ్ళ మీదికి తోస్తారు. మా అమ్మమ్మ మాత్రం పక్కవాళ్ళ తప్పుల్ని లాక్కుని మరీ తన నెత్తిన వేసుకుంటుంది. బస్సు ఆలస్యమైతే, "తప్పు నాదే, ఇవాళ తొందరగా బయల్దేరాను" అంటుంది. వాన పడితే, "తప్పు నాదే, బట్టలు ఆరేశాను" అంటుంది. ఓసారి కరెంటు పోతే వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి, "ఇస్త్రీ పెట్టె పెట్టింది నేనేనమ్మా" అని చెప్పొచ్చింది. తీరా చూస్తే ఆ రోజు ఊరు ఊరంతా చీకటే!

పోనీ, ఎవరి తప్పు వాళ్ళు ఒప్పుకుంటే ఊరుకుంటుందా? మండిపడుతుంది. లెక్కల్లో సున్నా వచ్చినప్పుడు, "నేనే చదవలేదు అమ్మమ్మా" అని నిజం చెప్పాను.

"నోర్ముయ్! ఆ చొక్కా కుట్టిందెవరు? చంకలో బిగిసి చెయ్యాడి ఉండదు."

ఆ ధీమా మీదే నా చదువు అక్కడితో ఆగింది.

అమ్మమ్మ టైలరు. మామూలు టైలరు కాదు. టేపు పెట్టకుండా మనిషిని ఒక్క చూపు చూసి కత్తిరించిందంటే, ఆ కోటు ఒంటికి అతికినట్టుంటుంది. అలాంటి మనిషి బుర్రలో కిందటి క్రిస్మస్‌కి ఓ పాట పుట్టింది. క్రిస్మస్ తాతకి పొట్ట పెరిగి కోటు గుండీ ఊడిపోవడమే కథ. తాళానికి కుట్టుమిషను. పక్క షాపు బేకరీ అత్త రేకు ట్రే వాయిస్తూ పాడాలి. చివర్లో క్రిస్మస్ తాతలా గంభీరంగా "గుండీ కుట్టు, బండి కట్టు!" అని డ్రైవరు తాతయ్య అందుకోవాలి.

ఈ డ్రైవరు తాతయ్య బస్సు నడిపినన్నాళ్ళూ హారను అక్కర్లేని మనిషి. చర్చిలో ఆయన గొంతెత్తితే కిటికీ అద్దాలు వణికేవి. గొంతుకి ఆపరేషన్ అయ్యాక పాట మానేశాడు. పిల్లల క్రిస్మస్ కార్యక్రమానికి రికార్డు చేద్దామని అమ్మమ్మ వెంటపడితే చివరికి మెత్తబడ్డాడు.

"ఇదొక్కటీ చూస్తానక్కా. కుదరలేదో, ఇక జన్మలో నన్ను పాడమని అడగొద్దు."

షాపు తలుపులు మూశారు. వీధి చప్పుడు లోపలికి రాకుండా, గుండీలు కుట్టాల్సిన కోట్లన్నీ కిటికీలకి వేలాడదీశారు. ఫోనుని దిండు మీద పడుకోబెట్టారు. మిషను టకటకలాడింది. అత్త అందుకుంది.

"తాత పొట్ట పెరిగిందీ, కోటు కాస్తా బిగిసిందీ,
ఊపిరి పీల్చగానే గుండీ ఊడి ఎగిరిందీ!"

డ్రైవరు తాతయ్య వంతు వచ్చింది. "గుండీ కుట్టు, బండి..." దగ్గర ఆయన గొంతు ఎక్కడో చిక్కుకుంది. ఆ చిక్కు బయటికి వినపడేలోపే మిషను టక్కున ఆగింది.

"ఆపండాపండి! తప్పు నాదే. దారం తెగింది."

రెండోసారీ అక్కడే తెగింది. మూడోసారికి అత్త ట్రే కింద పడేసింది.

"పిన్నీ, అది దారమా, సాలెగూడా? అక్కడ నా కేకులు మాడిపోతున్నాయి!"

"మాడితే ఆ తప్పూ నాదే."

"నీదే! ఇందులో మాత్రం నాకు అనుమానం లేదు!"

డ్రైవరు తాతయ్య టోపీ అందుకున్నాడు. "వద్దులే అక్కా. అసలు నా వల్లే..."

"నీ వల్లా? మిషను తొక్కేది నువ్వా, నేనా? లోపలికెళ్ళి వేణ్ణీళ్ళు తాగిరా, ఫో!"

ఆయన టోపీ పక్కన పెట్టి వెనక గదిలోకి వెళ్ళాడు. ఆ దారం సంగతేమిటో తేల్చేద్దామని అత్త మిషను మీదికి వంగింది. పైన రీలు లేదు. సూదిలో దారం లేదు. కింద దారం చుట్టే బాబిన్ కూడా లేదు. తాళం కోసం అమ్మమ్మ ఉత్త మిషను తొక్కుతోంది!

"పిన్నీ, ఇందులో దారమే..."

అమ్మమ్మ ఆవిడ చెయ్యి గిల్లి, కళ్ళతో వెనక గది చూపించింది. అక్కణ్ణుంచి సన్నగా "గుండీ కుట్టు... గుండీ కుట్టు..." అని సాధన వినపడుతోంది.

అత్త కింద పడ్డ ట్రే చేతిలోకి తీసుకుంది. తర్వాత లోపలికి వినపడేలా అరిచింది. "దిక్కుమాలిన దారం! బాబాయ్, కంగారుపడకు, పిన్ని కొత్తది ఎక్కిస్తోంది!"

ఆ మధ్యాహ్నం ఇంకెన్నిసార్లు తెగిందో లెక్కలేదు. కేకులు నిజంగానే మాడాయి. పొద్దు వాలే వేళకి డ్రైవరు తాతయ్య ఒక్క గుక్కలో "బండి కట్టు!" దాకా వెళ్ళాడు. మిషను ఆగలేదు.

కార్యక్రమం రోజు పాట మోగగానే పిల్లలు కుర్చీలెక్కారు. "ఆ తాత ఎవరు? ఇప్పుడు పాడాలి!" అని ఒకటే గోల. డ్రైవరు తాతయ్యని మైకు ముందుకి తోసుకెళ్ళారు.

"గుండీ కుట్టు, బండి క..." గొంతు కీచుమంది. అమ్మమ్మ చటుక్కున లేచింది.

"తప్పు నా..."

"కూర్చో అక్కా!" అని ఆయన మైకులోనే గద్దించాడు. "ఇక్కడ నీ మిషనూ లేదు, దారమూ లేదు. తెగింది నా గొంతు. తప్పు నాది. మళ్ళీ పాడతాను!"

పిల్లలు విరగబడి నవ్వారు. ఆయనా నవ్వేసి, గొంతు సవరించుకుని అందుకున్నాడు.

అమ్మమ్మ కూర్చుంది. "చూశావుటే, నా తప్పు కాస్తా లాక్కుపోయాడు!" అని అత్తకి చెప్పింది. అక్కడితో ఆగకుండా ముందు వరసవాళ్ళకీ, వెనక వరసవాళ్ళకీ కూడా భుజం తట్టి మరీ, గర్వంగా చెప్పుకుంది.