కాంతమ్మత్త దవడ ఫోటోకి తిరుపతి దాకా

తిరుపతికి మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లుంటారు, పెళ్లి బట్టలకు పోయేవాళ్లుంటారు. మేము మాత్రం ఒక పన్ను ప్రాణం కాపాడటానికి పోయాం. ఆ పన్ను మా మేనత్త కాంతమ్మది. పులికాట్ ఒడ్డున మా ఊళ్లో తెల్లవారి పడవలు రాగానే రొయ్యలు, చేపలు వేలం వేసేది ఆమే. ఆమె కేకకు అవతలి గట్టున కొంగలు కూడా లేచిపోతాయని ప్రతీతి. అలాంటి మనిషికి కొన్ని నెలలుగా ఎడమ దవడ నొప్పి. నోరు తెరిస్తే చెవి ముందర టక్కుమని చప్పుడు. ఒక పన్ను పీకించుకుంది, నొప్పి పోలేదు. ఇప్పుడు దాని పక్క పన్ను మీద అనుమానం పడింది. "దీన్ని గూడా పీకిచ్చేస్తే పీడ పోతాది. కేకెయ్యలేకుంటే వేలం నాకు యాడుంటాదిరా?" అని ఆమె తీర్మానం. ఫిజిక్స్ డిగ్రీ అనే ఏకైక ఆయుధంతో నేను అడ్డుపడ్డాను: ముందు ఎక్స్‌రే ఫోటో, తర్వాతే పటకారు.

ఉదయం ఆరున్నరకు సూళ్లూరుపేటకు షేర్ ఆటో ఎక్కాం. సంగతి విని డ్రైవరు పగలబడి నవ్వాడు. "పంటికి తిరుపతి దాకానా అక్కా? దారం కట్టి నా ఆటోకి తగిలిస్తే గేరేసే లోపల ఊడొస్తాది."

"నీ ఆటోకి గేరు పడేలోపల నా పళ్లన్నీ వాటంతటవే రాలిపోతాయిలే అబ్బా," అంది అత్త, నోరు సగమే తెరిచి.

సూళ్లూరుపేటలో తిరుపతి ఎక్స్‌ప్రెస్ బస్సు వెంటనే దొరికింది. అత్తకు ఆధార్ కార్డు చూపిస్తే ఉచితం, నాకు నూట యాభై లోపు. నాయుడుపేట మీదుగా శ్రీకాళహస్తి చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. బస్సు అక్కడ కాసేపు ఆగితే పక్కనే టిఫిన్‌కి దిగాం. అత్త ఇడ్లీని సాంబారులో వేసి గుజ్జు చేస్తుంటే వంటాయన తట్టుకోలేకపోయాడు. "పూల మాదిరి ఇడ్లీ పెట్టినాను, దాన్ని ఎందుకక్కా అట్ట పిసకతావు?" అత్త జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. టక్. ఆయన ఉలిక్కిపడి గ్లాసుల వైపు చూశాడు. "ఏమీ పగల్లేదప్పా, నా దవడే," అంది అత్త. ఆయన ఇంకో గరిటె సాంబారు పోశాడు.

తిరుపతిలో పళ్ల డాక్టరమ్మ పన్నును తట్టి చూసింది. తర్వాత చెవుల ముందు వేళ్లు ఆనించి, నోరు తెరిచి మూయమంది. "పన్ను సంగతి తర్వాత. ముందు దవడ కీలు చూద్దాం," అని సీబీసీటీ రాసింది. అంటే పళ్లనీ దవడనీ అన్ని వైపుల నుంచీ చూపించే చిన్న స్కాన్. రెండున్నర వేలు అయింది.

అసలు యుద్ధం స్కాన్ గది గుమ్మంలో మొదలైంది. కమ్మలు ఊడి వచ్చాయి గానీ ముక్కుపుడక రాలేదు. లోహం ఉంటే ఫోటోలో గీతలు పడతాయంది స్కాన్ తీసే అమ్మాయి. "ఇది పెళ్లిలో పెట్టింది. తీసేదే లేదు," అంది అత్త.

"సరే అత్తా, పోయి పన్ను పీకిచ్చుకుందాం రా. తర్వాత దాని పక్కది, మళ్లీ ఆ పక్కది. బోసినోటితో వేలం పాడుదువులే."

అత్త నన్ను చూసిన చూపు ఇక్కడ రాయదగ్గది కాదు. సబ్బు నీళ్లతో కాసేపు కుస్తీ పట్టాక ముక్కుపుడక నా పిడికిట్లోకి వచ్చింది. ఆమె మిషన్‌లో గడ్డం ఆనించి నిలబడింది. దాని చెయ్యి తల చుట్టూ తిరిగింది: పళ్లు బిగించి ఒకసారి, నోరు తెరిచి ఒకసారి. మా వంశ చరిత్రలో మొదటిసారి అత్త నోరు తెరిచి కూడా మాట్లాడలేదు. అద్దం ఇవతల నుంచి ఆ ఘట్టాన్ని కళ్లారా చూశాను.

కంప్యూటర్ తెర మీద కుడి దవడ ఎముక కొన నున్నగా, గుండ్రంగా ఉంది. ఎడమది చదునైపోయి, అంచున చిన్న ముల్లులా పెరిగింది. డాక్టరమ్మ నోరు విప్పకముందే అత్త అంది, "అరిగిపోయిన తెడ్డు మాదిరి ఉండాదే!"

"అదేనమ్మా, కీలు అరిగింది. నొప్పి అక్కడిది. ఈ పన్ను బంగారంలా ఉంది."

"మరి ముందు పీకిచ్చుకున్న పన్ను?"

"దాని ఫోటో నా దగ్గర లేదు కదమ్మా. ఉంటే చెప్పేదాన్ని."

అత్త నాలుకతో ఆ ఖాళీని ఒకసారి తడుముకుంది.

"కేకెయ్యొచ్చా?" అని మెల్లగా అడిగింది. వేలం మానక్కర్లేదట. అరిగిన ఎముక మళ్లీ మునుపటిలా కాదు గానీ నొప్పిని అదుపులో పెట్టొచ్చట. మెత్తటి తిండి, వేడి కాపడం, రాత్రి పళ్లకు తొడుగు. నోరు మాత్రం రెండు వేళ్లు పట్టేంతకు మించి తెరవకూడదు. మూడు గంటల బస్సుకు తిరిగొచ్చాం.

మర్నాడు తెల్లవారి అత్త రొయ్యల గంప ముందు నిలబడి, పక్కింటావిడతో మాట్లాడినంత గొంతుతో వేలం మొదలుపెట్టింది. "వినపళ్లే కాంతమ్మా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "వినపడాలంటే ముందు మీరు నోళ్లు మూయండప్పా," అంది. మూశారు. ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. గొంతు తగ్గింది, రొయ్యల ధర తగ్గలేదు. ఇన్నాళ్లూ ఆ ఒడ్డును ఏలింది ఆమె కేక అనుకున్నాను. కాదు, ఆమే.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క సలహా: ముక్కుపుడకను ముందురోజే కొబ్బరినూనె రాసి ఇంట్లోనే తీసిపెట్టండి. లేకపోతే నాలాగా తిట్లు తినాలి. అన్నట్టు, ఆ పన్ను క్షేమం. అత్త నన్ను తిట్టినప్పుడల్లా కనిపిస్తూనే ఉంటుంది, రెండు వేళ్ల మేర తెరిచిన నోట్లో.