ఎవరికి వీలుపడదు?

మా తెలుగు అయ్యవారు పోయారని నాకు ఒక సైక్లోస్టైలు నోటీసు వల్ల తెలిసింది. బడి ప్యూను సైకిలు మీద వచ్చి ఇచ్చాడు. వచ్చే నెల మొదటి ఆదివారం బడి హాలులో సంతాపసభ. “మన సంస్థకు తీరని లోటు” అని రాసి, కింద ఆకుపచ్చ సిరాతో కరస్పాండెంటు సంతకం. పదేళ్ళ కిందట అయ్యవారిని గేటు దాటనివ్వొద్దని ఇదే ప్యూనుకు చెప్పిన మనిషి ఆయనే. నన్నడక్కుండానే వక్తల్లో నా పేరు కూడా వేశాడు.

పోయినవారి గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. బతికున్నవాడి గురించి అలాంటి నియమం ఇన్ని పుస్తకాలు చదివినా నాకెక్కడా కనిపించలేదు.

తిరుపతిలోని ఆ ట్రస్టు బడిలో ఆయన తెలుగు, నేను సోషలు, పద్నాలుగేళ్ళు పక్కపక్క గదుల్లో చెప్పాం. దారిలో “ప్రవేశము లేదు”, “ఇచట కూర్చొనరాదు” లాంటి బోర్డు కనబడితే ఆయన గొడుగు చంకన పెట్టుకుని ఆగి, కాదన్నవాడి పేరు ఎక్కడైనా ఉందా అని వెతికేవారు. ఒకసారి ఆయన మణికట్టు విరిగితే ఎముకల కట్టుకు పుత్తూరు తీసుకుపోయాను. కట్టు కట్టిన ముసలాయన, “మూడు వారాలు ఇప్పొద్దు అయ్యవారూ. ఇప్పినావంటే మళ్ళా నా గడప ఎక్కొద్దు” అన్నాడు. బస్సులో వస్తున్నంతసేపూ అయ్యవారికి అదే ముచ్చట.

“సూడప్పా, ఎంత బాగా వద్దన్నాడో! ఆ మాట ఎనక ఆయన నిలబడి ఉండాడు. మన ఆఫీసులో వీలుపడదంటారే, దాని ఎనక ఎవుడుండాడు? తలుపు తీసి సూస్తే గది ఖాళీ.”

పిల్లలకూ అదే చెప్పేవారు. “కూడదంటే ఏ ధర్మం కాదన్నదో చెప్పాల. ఒల్లనంటే అది నీ మాటేనని ఒప్పుకోవాల. ఎవురి పేరూ చెప్పకుండా కాదనేవాడితో జాగ్రత్త.”

పదేళ్ళ కిందట బడి వార్షికోత్సవానికి పద్యాల పోటీ పెట్టారు. బడి ఊడ్చే ఆయమ్మ కూతురు, తొమ్మిదో తరగతి పిల్ల, మొదట వచ్చింది. ఊరి అవతలి పల్లె వాళ్ళు, చర్చికి పోయే కుటుంబం. మొదట వచ్చినవాళ్ళు ట్రస్టు పెద్దల ముందు వేదిక మీద పద్యం చదవాలి. ఆ పిల్ల గొంతెత్తితే మైకు అక్కర్లేదు. కరస్పాండెంటు మా ఇద్దరినీ గదికి పిలిచాడు.

“అయ్యవారూ, ఆ పిల్లకు వీలుపడదని వాళ్ళమ్మకు ఒక ముక్క రాయండి.”

“ఎవురికి వీలుపడదు సార్?”

“ఎవురికేందయ్యా? వీలుపడదంతే! మీ చేతిరాత బాగుంటాది, రాయండి.”

అయ్యవారు కాదనలేదు. అక్కడే కూర్చుని రాశారు: “అమ్మా, మీ కూతురు పోటీలో మొదట వచ్చింది. మీ కులమూ మీ చర్చీ నాకు గిట్టవు గనుక ఆమె సభలో పద్యం చదవడానికి నేను ఒప్పుకోను.” కింద సంతకానికి నాలుగు వేళ్ళ చోటు వదిలి, దాని కింద “కరస్పాండెంటు” అని రాసి, పెన్ను అందించారు.

“ఏందిది? ఎగతాళి చేస్తా ఉండావా?”

“మీ మనసులో ఉండేదే రాసినాను సార్. అబద్ధముంటే కొట్టేసి, మిగిలినదానికి సంతకం పెట్టండి.”

కరస్పాండెంటు కాగితాన్ని ఉండ చుట్టి బుట్టలో వేసి నావైపు తిరిగాడు. “సోషలయ్యవారూ, మీరు రాయండి.”

రాశాను. నాకప్పుడు ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్నారని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. అదీ వీలుపడదు లాంటి మాటే. భయపడ్డాను, రాశాను.

ఆయమ్మకు చదువు రాదు. ఆ ఉత్తరం నాచేతే చదివించుకుంది. “ఎవురయ్యా వద్దనింది?” అని అడిగింది. నేను ఉత్తరం మడిచి ఆమె చేతిలో పెట్టాను. ఆ పిల్ల వేదిక ఎక్కలేదు. నెలాఖరుకు అయ్యవారికి “తమ సేవలు ఇక అవసరం లేదు” అని కాగితం పోయింది. అదీ నా చేతిరాతే.

ఆయన నాతో మాట్లాడడం మానలేదు. కూరగాయల అంగడి దగ్గర ఒకరోజు నేనే అడిగాను, నామీద కోపం లేదా అని.

“ఎందుకు లేదు? ఉండాది. నాకే ఉండాది. సంతకం పెట్టి ఇయ్యమంటావా?” అని నవ్వి, నా సంచిలో రెండు నిమ్మకాయలు వేసి వెళ్ళారు.

నోటీసు తెచ్చిన ప్యూనును నిలబెట్టి జవాబు చెప్పాను: “మీ సారుతో చెప్పు. సభకు నేను రాను. వీలుపడక కాదు. ఆయన పక్కన నిలబడి అయ్యవారి పటానికి దండ వేయడం నేను ఒల్లను.”

ఆ సభకు పోయే పాత విద్యార్థులారా, దండ వేసేముందు మీ కరస్పాండెంటును లేచి అడగండి, ఆ రోజు ఎవరికి వీలుపడలేదని. మరిచిపోయానంటే నా దగ్గరికి పంపండి. ఆ సాయంత్రం బుట్టలోంచి నేను తీసుకున్న కాగితం పదేళ్ళుగా నా అట్లాసులో ఉంది. నలిగిన మడతలు ఇంకా పోలేదు, అంచులు పసుపుబారాయి. అయ్యవారు వదిలిన నాలుగు వేళ్ళ చోటు మాత్రం, ఆకుపచ్చ సిరా కోసం, ఖాళీగానే ఉంది.