తప్పెటలతో సాగనంపిన రోజు

1968లో శ్రీకాకుళం కాలేజీలో కామర్స్ చెప్పే కృపానిధి మాస్టారు గుండెపోటుతో పోయారు. ఆయన నవ్వు వినబడని ఇంట్లో భార్య లీలారాణికి ఊపిరాడలేదు.

మాస్టారికి తప్పెటగుళ్ళంటే ప్రాణం. రొమ్ముకు తప్పెట కట్టుకుని, పాడుతూ గెంతే ఆ ఆట కాలేజీ వార్షికోత్సవ వేదికకు తగదని ఓసారి ప్రిన్సిపాలు అడ్డుపడితే, ఆయన నవ్వేసి ఆవరణలోనే ఆడించారు. హాల్లో ఉపన్యాసం వింటున్న పిల్లలంతా బయటికి పరిగెత్తుకొచ్చారు. "సరుకు మంచిదైతే సంత దానంతటదే కదిలొస్తాది," అన్నారాయన.

ఆనాడు కాలేజీలో ఆడిన జగన్నాధం ఇప్పుడు చీపురుపల్లి నుంచి తన దళంతో వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "మాస్టారి ముందు ఓపాలి ఆడి ఎలిపోతాం అమ్మగోరూ," అన్నాడు.

"సావుకాడ ఈ గెంతులేటమ్మా? మన సంఘం పరువేటవుతాది?" అన్నాడు చర్చి పెద్ద డేవిడ్‌రాజు.

లీలారాణి కళ్ళు తుడుచుకుని లేచింది. "ఆయన బతికున్నన్నాళ్ళు మీ మాట ఇన్నారేటి? నేనూ ఇనను," అని తానే వెళ్ళి గేటు తీసింది. "గజ్జెలు కట్టండి జగన్నాధం. ఆయనకి నచ్చినట్టే, గట్టిగా ఆడండి."

సమాధుల తోట దాకా తప్పెటలు మోగాయి. డేవిడ్‌రాజు గొణుక్కుంటూ వెనక నడిచాడు. లీలారాణి శవపేటిక పక్కనే, తలెత్తుకుని నడిచింది.