మా అమ్మ సమాధి రాయికి అటువైపు

మనుబోలు చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవుల సమాధుల మీద కనిపించే పేర్లలో సగానికి పైగా కృపాదానం చెక్కినవే. వాళ్ళ నాన్న రోళ్ళూ తిరగళ్ళూ చేసేవాడు. మిక్సీలు వచ్చాక ఆ పని మూలపడింది. చావులు మాత్రం ఆగలేదు కాబట్టి కొడుకు సమాధి రాళ్ళకు మళ్ళాడు. ఒకసారి ఉలి దెబ్బకు పెచ్చు ఎగిరి ఎడమ కన్ను మసకబారింది. చదువు రెండో తరగతి దాటలేదు. అందుకని ముందు సుద్దముక్కతో అక్షరాలు గీసి, పోయినవారి ఇంటి మనిషిని పిలిచి, వేలు పెట్టి పైకి చదవమంటాడు. వాళ్ళు చదివి కళ్ళు తుడుచుకున్నాకే ఉలి అందుకుంటాడు. అరవై దాటినా ఇప్పటికీ అదే పద్ధతి.

ఇలాంటి మనిషి గురించి రాయడానికి నాకు అర్హత లేదు. నా పేరు బెన్హర్. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను, మా సంఘంలో పెద్దని. పెద్దరికానికేం, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటే చాలు, వచ్చేస్తుంది. కృపాదానం ఒక తప్పు చేశాడు. దాని పక్కనే నేను చేసిన తప్పు ఉంది. రెండూ చెబితేగానీ అతని కథ పూర్తి కాదు.

మా అమ్మ ఎలిశబెతు పోయి ఇరవైయారేళ్ళు దాటింది. ఏడాది తిరిగేసరికి సమాధి మీద రాయి వేసి, జ్ఞాపకార్థ కూడిక పెట్టడం మా ఆనవాయితీ. ఊళ్ళో అందరూ చవకైన కడప బండ వేసేవాళ్ళు. అమ్మకు మాత్రం మంచి నల్లరాయి వేయాలని నా పంతం. దానికి తగ్గ జీతం లేదు. కృపాదానం చిన్నప్పుడు మా అమ్మ చేతి అన్నం తిన్నవాడు. "రాయి సంగతి నాకు వదిలెయ్యన్నా. అమ్మకు నేను ఏస్తా" అన్నాడు. నెల తిరక్కుండానే ట్రాక్టరులో పలక తెచ్చాడు. నున్నటి నల్లరాయి, జానెడు మందం. పై ముఖం మీద అమ్మ పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు. ఎక్కడిదని నేను అడగలేదు.

నలుగురం తాళ్ళతో పలకను దించుతున్నాం. నేను పట్టుకున్న మూల దగ్గర వేళ్ళకు అడుగున గాట్లు తగిలాయి. వంగి చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో పరాయి పేరు, వాటి కింద పడుకున్న చిన్న గొర్రెపిల్ల బొమ్మ. రాయి అడుగున పేరుంటే అది ఇంకెవరి సమాధి మీదిదో అని తెలియనంత అమాయకుణ్ణేమీ కాదు. రోజూ చిరునామాలు చూసి, ఎవరిది వాళ్ళకు చేర్చడమే నా ఉద్యోగం. కృపాదానం వైపు చూశాను. అతను తల వంచుకుని తాడు సర్దుతున్నాడు.

"దించండి" అన్నాను.

అప్పటినుంచీ ఏటా సమాధుల పండగకు అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం కొడుతుంటే, నేను మాత్రం మా అమ్మ రాయికి కొబ్బరినూనె రాసి మెరిపించేవాణ్ణి. చూసినవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు నాకు తియ్యగా ఉండేది. నేను చెడ్డవాణ్ణని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను.

మొన్న మాఘమాసంలో మా స్నేహితుడు చెంచురామయ్య తమ్ముడి కూతురి పెళ్ళికి అతనూ కృపాదానమూ నేనూ సూళ్ళూరుపేట వెళ్ళాం. చెంచురామయ్య వరి రైతు, నాతోపాటు చదువుకున్నవాడు. ఖాళీగా కూర్చుంటే అతనికి కాళ్ళు పీకుతాయి. పెళ్ళి భోజనాలు అయ్యాక, రైలుకు ఇంకా నాలుగు గంటలుందని చూసి దొరలరేవు పోదాం పదండన్నాడు. పులికాట్ సరస్సు ఒడ్డున ఒకప్పుడు డచ్చివాళ్ళు వ్యాపారం చేసిన పాత ఊరది.

"నేను రాను. ఎండగా ఉండాది" అన్నాడు కృపాదానం.

"నడెండలో బండలు కొట్టేవోడికి మాఘమాసం ఎండ గుచ్చుకుంటా ఉందంట, వినుకో బెన్హర్" అని నవ్వి, చెంచురామయ్య అతన్ని చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాడు.

ఊరు బాగుంది. పాత గిడ్డంగుల కమానుల కింద రొయ్యల వలలు ఆరేసి ఉన్నాయి. కూలిన కోటగోడ వారన ఆడవాళ్ళు ఎండుచేపలు అమ్ముతున్నారు. చెంచురామయ్య ప్రతి గోడకూ ఫోటో తీశాడు. కృపాదానం ఒక్క ఫోటోకూ నిలబడలేదు. చివరికి డచ్చి దొరల శ్మశానానికి వచ్చాం. ఈమధ్యే గోడ కట్టి ఇనప గేటు పెట్టారట. లోపల ఎవాంజెలిన్ అనే లెక్చరరమ్మ రాళ్ళ మీద నీళ్ళు చల్లి, అరిగిన అక్షరాలు చదివి పుస్తకంలో ఎక్కించుకుంటోంది. అడిగిందే తడవుగా మాకు అన్నీ చూపించింది. మూడో వరస దగ్గర ఆగింది. రెండు పెద్ద పలకల మధ్య గడ్డి మొలిచిన ఖాళీ.

"ఇది కాటరీనా అనే పాపది. అయిదేళ్ళకే పోయింది. అటుపక్క తల్లి, ఇటుపక్క తండ్రి. పాప రాయి మీద గొర్రెపిల్ల బొమ్మ ఉందని పాత జాబితాలో ఉంది. రాయి మాత్రం లేదు సార్."

"ఎవుడో బట్టలుతుక్కునేదానికి ఎత్తుకోని పోయుంటాడు. పసిబిడ్డ సమాధిని గూడా వదల్లేదు దొంగనాకొడుకు" అన్నాడు చెంచురామయ్య.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చటుక్కున పక్కకు తిరిగాను. కృపాదానం మాత్రం ఆ ఖాళీ పక్కన కూర్చుని గడ్డి పీకడం మొదలుపెట్టాడు.

"ఆ పాప పేరు ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు.

ఆమె చెప్పింది. అతను దాన్ని మెల్లగా పలికాడు. తిరుగు రైలెక్కాం. చెంచురామయ్య తలుపు దగ్గరికి వెళ్ళి ఫోన్లో మాట్లాడుతున్నంతసేపూ మేమిద్దరమే ఎదురుబొదురుగా ఉన్నాం. నాకు తెలుసు అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి నిమ్మతోటలు చూస్తూ కూర్చున్నాను.

ఆ ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళ కృపాదానం లేచాడు. ఎప్పుడూ లేవని మనిషి.

"బెన్హరన్న వాళ్ళమ్మ మీద ఉండే రాయి నేను దొరలరేవులో దొంగిలించినా. అప్పుడు ఆడ గోడ లేదు, గొర్రెలు మేస్తా ఉన్నాయి. ఎవురికీ పట్టని రాయనుకున్నా. అది ఒక పసిబిడ్డది. రాయి తిప్పి ఎనకపక్క అమ్మ పేరు చెక్కినా. అన్నకు ఇదేమీ తెలవదు. దేవుడి లాంటి మనిషిని మోసం చేసినా."

అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. అతను వచ్చి నా కాళ్ళు పట్టుకోబోయాడు. నేను లేపి కౌగిలించుకుని, "క్షమించినాను తమ్ముడూ" అన్నాను. గుడిలో ఆడవాళ్ళు ఏడ్చారు. పాస్టరు గారు నా మంచితనం గురించి ప్రార్థనలో ప్రత్యేకంగా చెప్పారు. అందరితోపాటు నేనూ ఆమేన్ అన్నాను.

మా సంఘంలో పెద్ద తప్పు ఒప్పుకున్నవాణ్ణి కొన్నాళ్ళు ప్రభువు బల్లకు దూరం పెడతారు. రొట్టె, ద్రాక్షరసం అతనికి అందించరు. అన్నాళ్ళూ ఆఖరి బెంచీలో కూర్చోవాలి. పెద్దలం నలుగురం కూర్చుని మూడు నెలలని తీర్మానించాం. నేనూ సంతకం పెట్టాను. సంతకం చక్కగానే వచ్చింది.

ఆ వారంలోనే పలక లేపారు. కృపాదానం దాన్ని బోర్లించి, పట్టిన మట్టి గోరుతో గీకి, గొర్రెపిల్లను తడిగుడ్డతో తుడిచాడు. గొర్రెపిల్ల చెవులు కూడా చెక్కుచెదరలేదు. ఎవాంజెలిన్‌కు ఫోన్ చేసి, గడ్డి పరిచిన వ్యానులో తనే వెంట వెళ్ళి అప్పజెప్పి వచ్చాడు. ఆమె నాలుగు మాటలంటుందని భయపడ్డాడట. ఆమె ఏమీ అనకుండా మంచినీళ్ళిచ్చిందట. తిరిగొచ్చిన మర్నాటినుంచి మా అమ్మకు కడప బండ చెక్కుతున్నాడు. చదవడానికి నన్ను పిలిచాడు. ఒంట్లో బాగాలేదని కబురు పంపాను.

నిన్నటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె పంచడం అయింది, సంఘమంతా పాట పాడుతోంది. చిన్న గ్లాసుల పళ్ళెం పట్టుకుని నేను మగవాళ్ళ వరస వెంట వచ్చాను. ఆఖరి బెంచీకి ముందే వెనక్కి తిరగాలి. అక్కడ కృపాదానం ఒక్కడే తల వంచుకుని కూర్చున్నాడు. పళ్ళెం తన దగ్గరికి రాదని తెలిసినవాడు కదా, నాకు ఇబ్బంది కాకూడదని మోకాళ్ళు కూడా పక్కకు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం చూశాక నేను వెనక్కి తిరగలేదు. పళ్ళెంలో గ్లాసులు గలగలమన్నాయి. అతని పక్కన కూలబడ్డాను.

"ఏందన్నా, కళ్ళు తిరిగినాయా?"

"కృపా, ఆ రాయి అడుగున రాతలు నేను చూసినా."

"ఎప్పుడు?"

"దించిన రోజే. గొర్రెపిల్లను గూడా చూసినా. చూసే దించమన్నా."

బాగున్న కన్ను నా వైపు తిప్పాడు. కోపం వస్తుందేమో, తిడతాడేమో అని కాచుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అట్టయితే మొన్న అందరి ముందర నన్ను క్షమించింది ఎవురన్నా?" అన్నాడు.

ముందు బెంచీలవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. పళ్ళెం బెంచీ మీద పెట్టి లేచి నిలబడి, పాట ఆపమని పాస్టరు గారికి చెయ్యి ఊపాను.