పన్నెండో ఫోను

మా బడిలో ఫోను పాఠాలను మొదటి నుంచి చివరిదాకా విన్నది ఒకే ఒక్క మనిషి. కాపీ కొట్టిందని పైవాళ్ళు ఇంటికి పంపేసింది కూడా ఆ మనిషినే. ఈ సంగతి ఎవరికి చెప్పినా 'అయ్యో పాపం' అని నాలుక చప్పరించి ఊరుకుంటున్నారు. నాకు ఆ చప్పరింపులు అక్కర్లేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను. ఆ మంటలో పెద్ద వాటా నాకే దక్కాలి, అది కూడా దాచను.

ఆవిడ ఒకటో తరగతి టీచరు. పిల్లలు పెట్టుకున్న పేరు మళ్ళీ టీచర్. అక్షరం వంకరగా వస్తే 'మళ్ళీ' అంటుంది, చక్కగా వచ్చినా 'మళ్ళీ' అంటుంది. పక్క గది నాది, ఐదో తరగతి లెక్కలు. మధ్యలో ఉన్నది రేకు తడిక కాబట్టి పద్నాలుగేళ్ళుగా రోజుకు వంద మళ్ళీలు నా చెవిన పడ్డాయి. మొదట్లో విసుక్కునేవాణ్ణి. ఒక ఏడు నా తరగతికి వచ్చిన పిల్లల్లో పుస్తకం చదవలేనివాళ్ళు ఎంతమందో లెక్కపెట్టాను. ఒక్కరూ లేరు. ఆ తర్వాత విసుక్కోవడం మానేశాను గానీ, ఆ మాట ఆవిడతో చెప్పాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

ఆ పద్నాలుగేళ్ళూ ఆవిడది తాత్కాలిక ఉద్యోగమే. సెలవులు ఇచ్చేటప్పుడు ఒక కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు, బడి తెరిచేటప్పుడు ఇంకో కాగితం పెట్టి పిలుస్తారు. ఆ రెండో కాగితం మీద హెడ్మాస్టరు సంతకం ఉండాలి. కిందటేడు పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. పనిలో ఉన్న టీచర్లందరూ ఫోను ద్వారా ఎనిమిది నెలల శిక్షణ పూర్తి చెయ్యాలి. మాబోటి పర్మనెంటు వాళ్ళకి అది ప్రమోషన్‌కి పనికొస్తుంది. ఆవిడకి మాత్రం సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం ఖాయం, రాకపోతే ఉన్నదీ పోతుంది.

ఆ శిక్షణను తప్పుపట్టను. పొద్దున్న ఆరింటికి మూడు నిమిషాల గొంతు పాఠం వస్తుంది. వారానికి రెండు వీడియోలు, వాటి మీద ప్రశ్నలు. శనివారం సాయంత్రం మార్గదర్శి అనే ఒకాయన ఫోను చేసి, విన్నది తరగతిలో చేసి చూశారా, ఏమైంది అని అడుగుతాడు. పిల్లల్ని వదిలి ఎక్కడికో పోనక్కర్లేదు, పనిలో ఉంటూనే పని నేర్చుకోవచ్చు. తయారుచేసిన వాళ్ళెవరో తెలివైనవాళ్ళు. మా తెలివితేటలు వాళ్ళకి తెలియవు, అంతే.

డ్రిల్లు మాస్టారు వీడియో పెట్టి ఫోన్ని కిటికీలో నిలబెట్టి ఆటస్థలంలోకి పోయేవాడు. హెడ్మాస్టరు ఫోను బీరువాలో తనలో తాను మాట్లాడుకునేది. నేను చార్జింగుకి పెట్టి టీ తాగడానికి వెళ్ళేవాణ్ణి. మార్గదర్శి పిలిస్తే అందరిదీ ఒకటే జవాబు, 'బాగా అర్థమైందండీ'. ప్రశ్నలకు జవాబులు పెట్టాల్సిన శుక్రవారం మాత్రం, ఆఖరి గంట కొట్టగానే పదకొండు ఫోన్లు టీ పళ్ళెంలోకి చేరేవి. ఒక్కోదాని వెనక తాళం నంబరు రాసిన చీటీ అంటించి ఉండేది. ఆ పళ్ళెం తిన్నగా ఒకటో తరగతి బల్ల మీదికి వెళ్ళేది.

"నువ్వెలాగూ చూశావు కదమ్మా, మావీ కాస్త నొక్కెయ్" అనేవాడు హెడ్మాస్టరు. ఆయన సంతకం మీద బతికే మనిషి, కాదని ఎలా అంటుంది? ఆవిడ ముందు తన పిల్లల పలకలు తుడిచి సర్దుకునేది, తర్వాత పదకొండు ఫోన్లూ నొక్కేది, ఆ తర్వాత ఇంటికి వెళ్ళేది. ఎనిమిది నెలలు ఇలాగే నడిచింది. మేం ఇచ్చింది ఎప్పుడైనా ఒక కప్పు టీ.

చివర్లో పెద్ద రాత పని ఇచ్చారు. మీ తరగతిలో చదువు అందని పిల్లలెవరు, వాళ్ళ కోసం మీరేం చేశారు, ఉన్నది ఉన్నట్టు రాయండి అన్నారు. ఆవిడ దగ్గర అట్ట ఊడిన నోటు పుస్తకం ఒకటుంది. అందులో ఆ ఏడు కష్టపడిన పదిహేను మంది పిల్లల సంగతులున్నాయి. ఎవరికి ఏ అక్షరం దగ్గర అడుగు తడబడింది, ఏం చేస్తే దాటారు, ఏం చేసినా ఎందుకు దాటలేదు, అన్నీ రోజువారీగా ఉన్నాయి. ఆవిడ ఆ పదిహేను మంది గురించీ తన కోసం రాసుకుంది. మళ్ళీ పళ్ళెం వచ్చింది.

"ఇది ప్రశ్నాజవాబులు కాదండీ. మీ పిల్లల గురించి మీరే రాయాలి" అంది.

"ఏదో ఒకటి కల్పించి రాసెయ్యక్కా" అంది రెండో తరగతి టీచరు.

"లేని పిల్లల గురించి ఎలా రాస్తాను?"

లేని పిల్లల గురించి రాయడం ఆవిడ వల్ల కాలేదు. అందుకని ఉన్న పిల్లల్నే పంచింది. పదిహేను మందిలోంచి మాకు తలా ఒకర్ని ఇచ్చి, తరగతి మార్చి రాసి పెట్టింది. నా వంతుకి ఒక పాప వచ్చింది. పదిమందిలో నోరు విప్పని పాప. గోడవైపు తిరిగి నిలబడితే మాత్రం గడగడా చదివేస్తుంది. ఆవిడ ఆ పాపని నెల రోజులు గోడకే చదవనిచ్చింది. తర్వాత రోజుకొక్క జానెడు ఇటు తిప్పింది. ఎవరికీ తెలియకుండా, ఆ పాపకి కూడా తెలియకుండా.

ఆఖరి రోజు. బడిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. "మావి ముందు పంపెయ్యమ్మా, నీకు తొందరేముంది, నీ ఇల్లు పక్కవీధే కదా" అన్నాడు హెడ్మాస్టరు. ఒక్కొక్కటే పంపింది. అందరం మా మా ఫోన్లు జేబుల్లో వేసుకుని వెళ్ళిపోయాం. తనది పన్నెండోది, ఖాళీ బడిలో మెట్ల మీద నిలబడి పంపుకుంది.

వచ్చిన ప్రతి రాతనీ అంతకుముందు వచ్చినవాటితో పోల్చి చూసే యంత్రం ఒకటి ఉందట అక్కడ. ఆవిడ రాసిన పదిహేను మంది పిల్లల్లో పదకొండు మంది అప్పటికే వేరేవాళ్ళ పేరు మీద దానికి అంది ఉన్నారు. నూటికి డెబ్బై మూడు వంతులు కాపీ అని తేల్చింది. లెక్కల మాస్టర్ని, నేనూ వేసి చూశాను. పదిహేనులో పదకొండు, లెక్క సరిగ్గానే ఉంది. మాకు పదకొండు సర్టిఫికెట్లు వచ్చాయి.

ఆవిడకి పదిహేను రోజుల గడువిచ్చారు. ఇది ఆవిడ రాసిందేనని తోటి టీచరు ఎవరైనా రాసిస్తే మళ్ళీ చూస్తామన్నారు. మర్నాడు తెల్లకాగితం పట్టుకుని స్టాఫ్‌రూములోకి వచ్చింది.

"అందరూ అక్కర్లేదు. ఒక్కరు రాసినా చాలన్నారు" అంది.

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, నీది నీదేనని రాస్తే మావి మావి కావని రాసినట్టే కదా. పదకొండు మందిమీ మునుగుతాం. నువ్వొక్కదానివైతే వచ్చే ఏడు ఇంకోసారి రాసుకుంటావు."

"వచ్చే ఏడు నేనీ బడిలో ఉండను కదండీ."

"నేను మాట్లాడతానులే."

ఆవిడ వరసగా అందరి ముఖాలూ చూసింది. మూడో తరగతి టీచరు ఉన్నట్టుండి పరీక్ష పేపర్లు దిద్దడం మొదలుపెట్టింది. డ్రిల్లు మాస్టారు ఈల తుడుచుకున్నాడు. ఆవిడ చూపు నా దగ్గర ఆగింది. "మాస్టారూ, మీరు?" అంది.

"చూద్దాం టీచర్" అన్నాను. చూద్దామంటే చెయ్యనని అర్థం. అది చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు నన్ను చెప్పుతో కొట్టేవాడు లేకపోయాడు. గడువు దాటింది, హెడ్మాస్టరు ఎవరితోనూ మాట్లాడలేదు, ఆవిడ కాగితం ఆ ఏడు రాలేదు. ఒకటో తరగతిని రెండో తరగతితో కలిపేశారు.

నాకొచ్చిన మార్కులు నూటికి తొంభై ఆరు. మా ఆవిడ నా సర్టిఫికెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నేళ్ళ కాపురంలో మీరు ఒక ఉత్తరం ముక్క రాయడం నేను చూడలేదే. ఇంత రాత ఎక్కణ్ణుంచి ఊడిపడిందండీ" అంది. ఆ మార్కులు చూసి పై ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. తర్వాతి జట్టుకి నన్నే మార్గదర్శిగా వేశారు. అంతటితో వదల్లేదు. గోడవైపు తిరిగి చదివే పాప గురించి 'నేను' రాసింది ఆదర్శ పాఠమట, దాన్ని నా గొంతుతో చదివించి రికార్డు చేశారు.

"ఆ పాప ఇప్పుడెలా చదువుతోంది?" అని అడిగాడు ఆఫీసరు.

"చాలా బాగా చదువుతోంది సార్" అన్నాను.

ఆ పాప మళ్ళీ నోరు మూసుకుని అప్పటికి మూడు నెలలైంది. రెండో తరగతిలో ఎనభై మంది మధ్య వెనక బెంచీలో కూర్చుంటోంది. తడిక అవతల్నుంచి ఇప్పుడు నాకు గోల తప్ప ఏమీ వినపడదు.

నేను ఫోను చెయ్యాల్సిన ముప్పై మంది జాబితా వచ్చింది. ఇరవై రెండో పేరు ఆవిడది. తప్పినవాళ్ళు పనిలో లేకపోయినా ఇంకోసారి చేరొచ్చట. పక్కన ఎర్ర గుర్తు, దాని కింద ఒక వాక్యం. 'కాపీ కారణంగా రెండోసారి చేరారు, ప్రత్యేక శ్రద్ధ అవసరం.' అది చదివాక నాకు అన్నం సహించలేదు. శుక్రవారం బడి వదలగానే ఆవిడ ఇంటికి వెళ్ళాను.

వాళ్ళాయన ముందు గదిలో కూర్చుని కాలిపోయిన మోటారుకి రాగితీగ చుడుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. "రండి తొంభై ఆరు మాస్టారూ" అన్నాడు. నేను తల వంచుకుని, వాళ్ళ పాత కుర్చీలో అంచు మీద కూర్చున్నాను. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీరేమీ కష్టపడొద్దు టీచర్. వారం వారం బాగా చేశారని నేనే రాసేస్తాను. సర్టిఫికెట్ వచ్చేలా చూసే పూచీ నాది" అన్నాను.

"అంటే ఈసారి నా పని మీరు నొక్కేస్తారన్నమాట" అంది. "పద్నాలుగేళ్ళు చేసిన పని నాకు బిచ్చంగా పెడతారా మాస్టారూ? రేపు శనివారం. మీరెలాగూ ఫోను చెయ్యాలి కదా, అప్పుడే మాట్లాడదాం. ఈ గదిలో మీరేం చెప్పినా ముగ్గురికే వినపడుతుంది."

ఆ మాట అప్పుడు నాకు బుర్రకెక్కలేదు.

శనివారం సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టి వరసగా ఇరవై ఒక్క మందికి చేశాను. 'బాగా అర్థమైందండీ', 'బాగా అర్థమైందండీ.' ఇరవై రెండోసారి నొక్కాను. ప్రతి కాల్‌కీ వచ్చే ఆడగొంతు ముందుగా పలికింది. ఈ సంభాషణ రికార్డు అవుతుంది, శిక్షణ నాణ్యత కోసం ఆఫీసు వింటుంది అని. అప్పుడు ఎక్కింది బుర్రకి.

"నమస్తే మాస్టారూ. ప్రశ్నలు అడగండి" అంది ఆవిడ.

కాగితంలో ఉన్నది అడిగాను. "ఈ వారం పాఠం విన్నారా?"

"విన్నాను. మీ గొంతుతోనే వచ్చింది. గోడవైపు తిరిగి చదివే పాప పాఠం."

"అర్థం కానిది ఏమైనా ఉందా?"

"ఉంది. ఆ పాపని రోజుకొక జానెడు తిప్పాలని మీకెలా తోచింది? మొదటిరోజు ఎటువైపు తిప్పారు?"

పక్కన బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ చెయ్యి ఆపి నావంక చూసింది. అవతల టీచరు ఫోను పెట్టేయడం లేదు. పలక మీద అక్షరం పడేదాకా పిల్లాడి పక్కన ఎలా నిలబడేదో అలా ఎదురుచూస్తోంది. నా సర్టిఫికెట్, రాబోయే ప్రమోషన్, పిల్లల కాలేజీ, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. తిరిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"నాకు తెలియదు టీచర్" అన్నాను. "ఆ పాపని నేను తిప్పలేదు, మీరు తిప్పారు. ఆ పాఠం నేను రాయలేదు, మీరు రాశారు. నా ఫోనులోంచి మీరే పంపారు. ఎనిమిది నెలలూ నా ప్రశ్నలన్నిటికీ జవాబులు పెట్టింది మీరే."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఇది ఒక్క పాప సంగతే మాస్టారూ. నన్ను పంపేసింది పదకొండు మంది పిల్లల లెక్క మీద. మిగతా పది ఫోన్లు ఎవరెవరివి?"

"టీచర్, వాళ్ళతో ఒక మాట అనకుండా…"

"ఆ రోజు నేను తెల్లకాగితం పట్టుకుని అందరితోనూ అన్నాను కదా. ఎవరెవరివి?"

మా ఆవిడ లేచి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. తాగాను.

"చెప్పండి, వింటున్నాను. నెమ్మదిగా, ఒక్కో పేరూ స్పష్టంగా. రికార్డు సరిగ్గా రావాలి" అంది ఆవిడ.

హెడ్మాస్టరు పేరుతో మొదలుపెట్టాను.